నీళ్ళు కలిపిన పులుసు

శుక్రవారం సాయంత్రాల్లో నందిగామలో వరప్రసాదరావు ఇంట ప్రార్థన కూడిక. కూడిక ముగిశాక అందరికీ భోజనం పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఊరంతా మెచ్చుకునే ఆచారమే. కాని పాఠకులు ఒక్కసారి వంటింట్లోకి తొంగిచూడాలి.

పొలం పనికి వెళ్ళిన ఊరి చివరి కూలిపేటవాళ్ళు చీకటి పడితేగాని రాలేరు. అప్పటికి చావడిలో బంధువుల పంక్తి లేచిపోతుంది. అత్తగారు రాఘవమ్మ కోడలితో అంటుంది: "జయమణీ, పులుసులో రెండు చెంబుల నీళ్ళు పొయ్యి. ఉప్పు చూసుకో."

కాపురానికి వచ్చిన నాటి నుంచీ జయమణి పోస్తూనే ఉంది. ఒకసారి ఎదురు చెబితే, "మీ పుట్టింట, చిల్లకల్లులో ఎట్లా పెడతారో అక్కడికే పోయి పెట్టు" అంది అత్తగారు. భర్త వరప్రసాదరావు పేపరులోంచి తల ఎత్తలేదు.

కిందటి వారం, పేటవాళ్ళకు వడ్డించే పెరటి పాకలో ఆకు ముందు కూర్చున్న బాలామణి నవ్వింది. "మీ ఇంట సుఖమమ్మా. పులుసు పోసుకుంటే మళ్ళా మంచినీళ్ళు అడగక్కర్లా."

జయమణి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఈ వారం జగ్గయ్యపేట నుంచి వృద్ధ బోధకుడు వెంకటరత్నంగారు వచ్చారు. "తొలి విశ్వాసులకు గుళ్ళు లేవు. ఇళ్ళలోనే కూడుకుని కలిసి తిన్నారు. కొరింథు పట్టణంలో మాత్రం తీరికున్నవాళ్ళు ముందే తినేశారు. లేనివాళ్ళకి ఆకలే మిగిలింది. ఒకరి కోసం ఒకరు ఆగండని పౌలు వాళ్ళకి ఉత్తరం రాయాల్సి వచ్చింది" అన్నారాయన.

"ఆమెన్!" అందరికంటే గట్టిగా అంది రాఘవమ్మ. వెంటనే కోడలివైపు తిరిగింది. "ఆకులు వెయ్యి. చల్లారిపోతంది."

జయమణి ఆకులు వేసి పులుసు గిన్నె ఎత్తుకుంది. వడ్డిస్తే మళ్ళీ పాకలోకి నీళ్ళపులుసు. వడ్డించకపోతే చిల్లకల్లు. గడప దగ్గర ఆగిపోయింది. గిన్నె వేడి, పట్టుకున్న గుడ్డలోంచి అరచేతులకు తగులుతోంది.

"ఏమైందే?"

గిన్నె కింద పెట్టి పక్కనే కూర్చుంది. "వాళ్ళింకా రాలేదత్తయ్యా. వచ్చాక వడ్డిస్తా."

"అప్పటిదాకా అయ్యగారు పస్తుండాలా?"

వెంకటరత్నంగారు ఆకు ముందు నుంచి లేచారు. "ఇంత చెప్పి నేనే ముందు తింటే ఎట్లాగమ్మా?"

రాఘవమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రేపు ఆ తలుపు తెరుచుకున్నాక ఏం వినాలో జయమణికి తెలుసు. అయినా లేవలేదు.

చీకటి పడ్డాక బాలామణి అలవాటుగా పాకవైపు పోతుంటే జయమణి చావడిలోకి పిలిచి కూర్చోబెట్టింది. చిక్కని పులుసు పోసింది.

ఒక ముద్ద తిని బాలామణి తల ఎత్తింది. "అమ్మా, మంచినీళ్ళు!"

నీళ్ళ చెంబు వరప్రసాదరావే లేచి అందించాడు. గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అటే చూస్తూ వెంకటరత్నంగారు అన్నారు: "తలుపు తెరిస్తే సగం ఆతిథ్యమే తల్లీ. రావలసినవాళ్ళ కోసం మన ఆకలిని ఆపుకోవడమే మిగతా సగం."