ఆగితే లేవని పెట్టె

ఆఫీసులో ఆమెను అందరూ డిఫాల్టమ్మ అంటారు. ఊపిరి చాలనివాళ్లకు ఇంట్లోనే ఆక్సిజన్ అందించే పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. పెట్టెలోపలి సాఫ్ట్‌వేరులో బోలెడన్ని అమరికలుంటాయి. కొన్నవాళ్లు వాటి జోలికే పోరు. పోతారని మాన్యువల్ రాసినవాళ్లు అనుకుంటారు, పాపం. అందుకే, ఎవరూ ముట్టుకోకపోతే పెట్టె ఏం చెయ్యాలో ముందే తేల్చిపెట్టడం, అంటే డిఫాల్టు పెట్టడం, ఆమె పని. అలారం ఎంత గట్టిగా మోగాలన్నా, తెర ఎప్పుడు ఆరాలన్నా ఆమె చెప్పినట్టే.

ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, కొత్త సాఫ్ట్‌వేరును ఇంట్లో అత్తగారికి ఊపిరందించే పెట్టెలోకి ఎక్కించింది. అదే సాఫ్ట్‌వేరుతో పెట్టెల మొదటి లోడు ఇవాళే వ్యానెక్కుతోంది. ఇక నిశ్చింతగా అన్నం తినొచ్చు. తీరా నాలుగు ముద్దలు తినేసరికి ల్యాబు సంగతి గుర్తొచ్చింది.

ల్యాబులో పెట్టె పనిచేస్తూ చేస్తూ కుప్పకూలితే, తనంతట తానే మళ్లీ లేచేది. లేవడంతోనే తప్పు తాలూకు ఆనవాళ్లన్నీ తుడుచుకుపోయేవి. విసుగెత్తి, కూలితే కూలినట్టే పడి ఉండేలా ఆమే అమరిక మార్చింది. ఇంజనీర్లకు ప్రాణం లేచొచ్చింది. తప్పు తెర మీద కదలకుండా ఉంటుంది, తీరిగ్గా టీ తాగుతూ చూసుకోవచ్చు. వ్యానెక్కే సాఫ్ట్‌వేరును ఆ ల్యాబు అమరికల మీదే కట్టింది. ఆ ఒక్కటీ తిరిగి మార్చిందా?

మార్చే ఉంటాననుకుని ఇంకో ముద్ద కలిపింది. నోట్లోకి పోలేదు. చెయ్యి కడుక్కుని మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, ఒక్కసారి ఆ అమరికల ఫైలు చూడండి. కూలితే మళ్లీ లేచేలా మార్చానో లేదో."

"మార్చే ఉంటావులే. నీ అంత చాదస్తం మనిషి మర్చిపోవడమా? ఇక్కడ అందరం లోడింగులో ఉన్నాం, సాయంత్రం చూద్దాం" అని పెట్టేశాడు.

సాయంత్రమట! ఆ మాటకు ఒళ్లు మండింది. గదిలోకి వెళ్లింది, వంటింట్లోకి వచ్చింది, మళ్లీ గదిలోకి వెళ్లింది.

"ఏమిటే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంది మంచం మీంచి అత్తగారు.

ఫైలు ఆఫీసులో ఉన్నా పెట్టె కళ్లెదుటే ఉంది. "అత్తయ్యా, కాసేపు సిలిండరు పెడతాను" అని గొట్టం అటు మార్చింది. గాలి సరిగ్గా వస్తోందో లేదో రెండుసార్లు చూసింది. తర్వాత ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించి, దాన్ని కావాలని కూల్చే ఆదేశం కొట్టింది.

గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. పది సెకన్లలో లేవాలి. ఆమె పదీ లెక్కపెట్టింది. పెట్టె లేవలేదు. అలారమూ మోగలేదు. దాన్ని మోగించాల్సింది ఆ కూలిన సాఫ్ట్‌వేరే.

మళ్లీ మేనేజరుకు ఫోన్ చేసింది. "సార్, మార్చలేదు. లోడు ఆపండి."

"వ్యాను గేటు దాటిందమ్మా! ఇప్పుడు వెనక్కి రమ్మంటే పైవాళ్లకు నేనేం మొహం చూపించను?"

"నా మొహం చూపించండి. తప్పు నాదే. ఒక్క పెట్టె కూడా ఎవరింట్లోనూ దించకూడదు సార్, మీకు దణ్ణం పెడతాను."

చివరికి "సరే, డ్రైవరుకు చెప్తున్నా" అన్నాడు.

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. అత్తగారు అంతా విననే విన్నది.

"లేవొద్దని దానికి నువ్వే చెప్పావా?"

"అవునత్తయ్యా."

"ఎందుకే?"

"ఎందుకు కూలిందో మేం వచ్చి చూసుకోడానికి."

అత్తగారు గొట్టం కాస్త పక్కకు జరిపింది. కోపం లేదు ఆ మొహంలో, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"మీరొచ్చి చూసేదాకా నేనేం చెయ్యాలే మరి?"

కోడలికి సిగ్గుతో తల వాలిపోయింది. "ముందు అది పెట్టుకోండి అత్తయ్యా, మాట్లాడకండి" అంటూ గొట్టం సరిచేస్తూనే ఏడ్చేసింది.