సొంత తప్పులు

గిన్నెలు తోమి బోర్లించి, వంటగట్టు తుడిచిన గుడ్డ పిండి కిటికీ ఊచకి ఆరేసి, చేతులు తుడుచుకుంటూ ఆమె భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి అత్తగారు అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. "మళ్ళీ ఆ పెట్టె తెరుస్తున్నావా అమ్మాయ్? కాసేపు నడుం వాల్చరాదూ" అంది. వినడానికి ఎంత ప్రేమగా ఉందో! మొన్నొక మధ్యాహ్నం ఒంట్లో బాగాలేక నిజంగానే నడుం వాలిస్తే, ఆడవాళ్ళు పగటిపూట పడుకునే ఇల్లు కళ తప్పుతుందని అన్నదీ ఆ నోరే. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ ఇంట్లో ఆమె నవ్వుల్లో సగం, బయటికి రాకుండా మింగేసిన జవాబులే.

ఆ పెట్టె భర్త పక్కన పడేసిన పాత లాప్‌టాప్. అందులో ఆమె రియాక్ట్ నేర్చుకుంటోంది. నొక్కితే స్పందించే, నింపితే మారే వెబ్ పేజీలు కట్టడానికి జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషలో ముందే రాసిపెట్టిన సరంజామా అది, లైబ్రరీ అంటారు. ఒకప్పుడు ఆమె కూడా వెబ్ పేజీలు కట్టి జీతం తీసుకున్న మనిషే. కూతురు పుట్టాక, పిల్ల అస్తమానం జ్వరాల పాలవుతుంటే, కొన్నాళ్ళు మానెయ్, పిల్ల కాస్త నిలదొక్కుకోనీ అన్నారు. పిల్ల నిలదొక్కుకుంది. తన గదిలో తను తలుపేసుకుని కూర్చునే వయసు కూడా వచ్చేసింది. ఆ కొన్నాళ్ళు మాత్రం ఇంకా అయిపోలేదు. ఈలోగా ఆమెకి తెలిసిన పద్ధతులన్నీ పాతబడి, తనకొచ్చిన పని తనకే కొత్తగా కనపడే రోజొచ్చింది.

ఆమె ఉద్యోగం చేసిన రోజుల్లో పేజీలో ఒక అంకె మారితే, ఆ అంకె ఎక్కడెక్కడ కనపడుతుందో గుర్తుపెట్టుకుని ఒక్కోచోటికీ విడివిడిగా వెళ్ళి మార్చాల్సి వచ్చేది. ఒకచోటు మరిచిపోయారా, అక్కడ పాత అంకె వెక్కిరిస్తూ కూర్చునేది. రియాక్టులో ఆ అవస్థ లేదు. మారేదాన్ని ఒక్కచోట పెట్టుకుంటే చాలు, దాన్ని స్టేట్ అంటారు. అది మారిందని చెప్తే పేజీ ఎక్కడెక్కడ మారాలో చూసుకుని తనే మారుతుంది. మొదటిసారి ఒక బటన్ నొక్కితే పైనా కిందా పక్కనా ఉన్న అంకెలన్నీ ఒక్కసారే మారడం చూసి ఆమెకి ఏడుపొచ్చింది. అంత చిన్నదానికి ఏడుపెందుకో పక్కవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కూతురి బడి వేళ మారితే పొద్దుటి వంట వేళ జరిపేది ఆమె, అత్తగారి మాత్రల వేళ సర్దేది ఆమె, నీళ్ళ మోటారు ముందే వేసేది ఆమె, భర్త చొక్కా ముందురోజే ఇస్త్రీ చేసిపెట్టేదీ ఆమే. అన్నీ మార్చి ఏదో ఒకటి మరిచిపోతే ఇంటిల్లిపాదికీ ఆ ఒక్కటే కనపడుతుంది. "ఇంట్లోనే కదా ఉండేది, ఆమాత్రం గుర్తుండదా?" అంటాడు భర్త. కోపంగా కూడా కాదు, టీ చల్లారిందన్నంత మామూలుగా. ఒకసారి చెప్తే తనంతట తాను మారే ఇల్లు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

భర్త చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎదురుతిరగడానికో మాట దొరికేది. పెద్ద ఆఫీసులో ఇలాంటి పనే చేసే ఒక గుంపుకి పెద్ద అతను. ఆమె నేర్చుకుంటానన్నప్పుడు లాప్‌టాప్ తనే తుడిచి ఇచ్చాడు. కావలసినవన్నీ ఎక్కించి పెట్టాడు. కానీ ఆమె ఎక్కడైనా ఆగి ఆలోచిస్తూ కనపడితే చాలు, వెనకనించి వచ్చి తెర మీదికి వంగి, "జరుగు" అనేవాడు. ఆమె లేవాలి. అతను ఆమె కుర్చీలో కూర్చుని టకటకా కొట్టేవాడు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, తన తప్పు ఎక్కడుందో తెలుసుకునే లోపలే ఆ తప్పు మాయమైపోవడం చూసేది. "ఇంతే కదా" అని అతను లేచి వెళ్ళిపోయేవాడు. ఎంతో ఆయాసపడి సగం దాకా ఎక్కిన మెట్ల మీదినించి ఎవరో ఎత్తుకెళ్ళి పైన దింపినట్టుండేది ఆమెకి. పైకి చేరింది నిజమే, మెట్లు మాత్రం తెలియలేదు. అందుకని అతను వచ్చే వేళకి లాప్‌టాప్ మూసి బియ్యం డబ్బా పక్కన పెట్టడం అలవాటు చేసుకుంది. తప్పులు చేసుకోవడానికి కూడా చాటు కావలసి వచ్చింది.

పాత ఉద్యోగంలో స్నేహితురాలు ఒకామె ఒకరోజు ఫోన్ చేసి, తెలిసిన చిన్న కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారని, మధ్యలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళనైనా సరే చూస్తారని చెప్పింది. ఈమె తన వివరాలు పంపింది. వాళ్ళు ఒక పని ఇచ్చారు. ఆస్పత్రిలో డాక్టరు కోసం కూర్చున్న వాళ్ళ వరస చూపించే పేజీ కట్టాలి. పేరు చేర్చాలి, ఒకరు లోపలికి వెళ్ళగానే మిగతావాళ్ళందరి అంకెలూ ముందుకి రావాలి. వారంలో పంపాలి. తనకి ఈ ఉద్యోగం కావాలి. ఎంత కావాలో పైకి అంటే ఎక్కడ చెడుతుందోనని ఎవరి దగ్గరా అనలేదు.

వారమంతా బట్టలు నానేలోపు కాసేపు, కూర ఉడికేలోపు కాసేపు కూర్చుంది. పేజీ లేచి నిలబడింది. ప్రతి పేరు పక్కనా నర్సు ఏదైనా రాసుకోవడానికి ఓ చిన్న గడి పెట్టింది. అక్కడ వచ్చింది తంటా. ముందున్న మనిషి వరసలోంచి పోగానే అతని గడిలో రాసింది వెనకవాళ్ళ పేరు పక్కకి వచ్చి కూర్చునేది. ముసలాయన గుండెజబ్బు పోయి పంటినొప్పి పిల్లకి అంటుకునేది. తల ప్రాణం తోకకొచ్చింది. భర్తని అడిగితే చిటికెలో చెప్పేసేవాడు. ఆమె అడగలేదు. బట్టలు ఆరేస్తూ, మాత్రలు అందిస్తూ అదే ఆలోచన. చివరికి తట్టింది. వరసలో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఇమ్మంటుంది రియాక్ట్. తేలిగ్గా ఉంటుందని తను, వరసలో ఎన్నోవాళ్ళో ఆ అంకెనే గుర్తుగా ఇచ్చేసింది. ముందువాళ్ళు పోతే అందరి అంకెలూ మారిపోతాయి కదా. మనిషిని నిలబడ్డ చోటుని బట్టి కాదు, మనిషిని బట్టే గుర్తుపట్టాలి. ఎవరికి వాళ్ళకి, చోటు మారినా మారని గుర్తొకటి ఇచ్చింది. గడులన్నీ బుద్ధిగా తమ మనుషుల పక్కనే ఉండిపోయాయి. ఆమె ఒక్కతే వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, గోడకి ఆనుకుని చాలాసేపు నవ్వుకుంది. ఈ వీధిలో తను మూడో ఇంటి కోడలు. బడిలో ఫలానా పిల్ల తల్లి. భర్త ఆఫీసు వాళ్ళకి మేడం. నిలబడ్డ చోటు మారినప్పుడల్లా తన పేరూ మారిపోవడం ఇన్నేళ్ళలో తనకి తప్పుగా తోచనే లేదు.

ఆ ఉత్సాహంలో వాళ్ళు అడగనిది కూడా ఒకటి చేర్చింది. పేరు పక్కన 'కాసేపట్లో వస్తాను' అనే బటన్. జ్వరంతో ఉన్న పిల్లని బయటికి తీసుకెళ్ళి వచ్చేసరికి వరసలో చోటు పోయిన తల్లికే ఆ బటన్ విలువ తెలుస్తుంది. అది నొక్కితే చోటు అలాగే ఉండాలి. అది అప్పుడప్పుడూ మొండికేసేది, సరిగ్గా పనిచేసేది కాదు. మిగతాది కూడా ముద్దుగా ఏమీ లేదు. ఒకేచోట పొడవుగా రాసుకుపోయింది. పేర్లు ఎలా తోస్తే అలా పెట్టింది. మధ్యమధ్య తెలుగులో తనకి తను రాసుకున్న మాటలున్నాయి, 'ఇక్కడ తొందరపడకు' అని.

పంపాల్సిన రోజు సాయంత్రం బటన్ సంగతి ఇంకోసారి చూద్దామని లాప్‌టాప్ తెరిచి ఉంచింది. భర్త పెందలాడే వచ్చాడు. తెర చూశాడు, పక్కనే కంపెనీ వాళ్ళ మెయిల్ కూడా చూశాడు. "ఓహో, పరీక్షా? ఒక్కసారి చూస్తాను, జరుగు" అన్నాడు. ఆమె నోట్లో వద్దన్న మాట తయారుగానే ఉంది. అంతలో లోపలినించి అత్తగారు వేడినీళ్ళు కావాలని పిలిచింది. వేడినీళ్ళు ఇచ్చి, కూతురికి పెనం మీదినించి వేడిగా అట్టు తీసి పెట్టి, అతనికి టీ తెచ్చేసరికి అతని వేళ్ళు ఇంకా ఆగలేదు. టీ పక్కన పెట్టి నిలబడింది. అతను తలెత్తకుండానే కప్పు అందుకున్నాడు. వంట అయ్యింది. పిలవడానికి వచ్చేసరికి ఒళ్ళు విరుచుకుని, "పంపేశాను" అన్నాడు.

అతను భోజనం చేస్తుండగా ఆమె తెరిచి చూసింది. తన వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ చిన్న చిన్న ముక్కలుగా, శుభ్రంగా, ఆఫీసులో సర్దిన బల్లలా ఉన్నాయి. బాగుంది. అబద్ధమెందుకు, తను రాసినదానికంటే ఎంతో బాగుంది. బటన్ తీసేశాడు. తను రాసుకున్న మాటలు తీసేశాడు. పాతది ఎక్కడైనా ఉందా అని అడిగింది. "దానిమీదే రాశాను. ఆ గందరగోళం దాచుకుని ఏం చేస్తావ్?" అన్నాడు అన్నం కలుపుకుంటూ. తర్వాత నవ్వి, "థాంక్స్ అయినా చెప్పవా?" అన్నాడు. ఆమె చెప్పింది. రాత్రి పక్క దులుపుతున్నప్పుడు ఆమెని బాధపెట్టింది అతను చేసిన పని కూడా కాదు, తను ఆ మాట అంత తేలిగ్గా చెప్పగలగడం.

కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ కబురు ఆమె నోటితో చెప్పకముందే ఆడపడుచుకి చేరిపోయింది. "ఏముందే, ఒక్క సాయంత్రం కూర్చుని నేనే చేసిపెట్టేశాను. ఇక కూర్చుని జీతం తీసుకోవడమే మీ వదిన పని" అని భర్త ఫోన్లో నవ్వుతున్నాడు. ఆ నవ్వులో విషం లేదు, మురిపెమే ఉంది. అత్తగారు, ఇలాంటి మగాడు దొరకడం అదృష్టమని, తన రోజుల్లో మామగారు మంచినీళ్ళు కూడా తనంతట ముంచుకు తాగలేదని చెప్పుకొచ్చింది. వెళ్ళనని అనొచ్చు. కానీ ఉద్యోగం గుమ్మం దాకా వచ్చింది. ఇంకా ఎన్నేళ్ళు ఆగితే మళ్ళీ ఇంత దూరం వస్తుంది? ఆమె మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుంది.

కంపెనీ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. సగం నెరిసిన జుట్టున్న ఒక పెద్దావిడ, ఒక కుర్రాడు ఎదురుగా కూర్చున్నారు. పంపిన కోడ్ తెర మీద తెరిచి, ఇక్కడ ఇలా ఎందుకు, అక్కడ అలా ఎందుకు అని అడిగారు. అన్నిటికీ చెప్పింది. గుర్తుల సంగతి అడిగినప్పుడు మరీ బాగా చెప్పింది, కుర్రాడు రాసుకున్నాడు కూడా. ఇల్లు, పిల్ల, రానూపోనూ ప్రయాణం, అన్నీ అయ్యాయి. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, వచ్చే నెల మొదటి నించీ రాగలరా అని అడిగింది. ఆమె రాగలనంది.

"మీ కోడ్ చూడగానే అనుకున్నాను, ఇది బాగా అలవాటున్న చెయ్యి అని. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నా పదును పోలేదు మీకు" అంది పెద్దావిడ.

"థాంక్సండీ" అంది ఆమె. అని, లేచి, కుర్చీ సర్దింది. తలుపు దాకా వెళ్ళింది. ఆ మాట తన చెవికే తగిలింది. అన్నం కలుపుకుంటున్న భర్తకి చెప్పింది ఈ మాటే, ఈ గొంతుతోనే. ఇప్పుడు ఈ తలుపు దాటిపోతే, రేపటినించీ ఇక్కడ తను కూర్చునే కుర్చీ కూడా ఎవరో జరిపి ఇచ్చిందే అవుతుంది. ఏ మంచి మాట విన్నా అది తనకి కాదని తెలుస్తూనే ఉంటుంది. ఏ తప్పు చేసినా, మొదటిది అంత బాగా చేసిన మనిషి ఇదెలా చేసిందని అడుగుతారు. అప్పుడు మళ్ళీ ఇంటికి వెళ్ళి ఆ తప్పు అతని ముందు పెట్టి, లేచి పక్కకి నిలబడాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిలబడే ఉండాలి.

ఆమె వెనక్కి వచ్చింది. "అది నా చెయ్యి కాదండీ" అంది. "మా ఆయన రాశారు."

కుర్రాడు మంచివాడు. ఇంట్లోవాళ్ళు కాస్త సాయం చేయడం మామూలేనని, ఫర్వాలేదని దారి చూపించాడు. ఆ దారిన వెళ్ళిపోతే సరిపోయేది. "సాయం కాదండీ, మొత్తం ఆయనదే. నా పేరుతో వెళ్ళింది, నేను ఊరుకున్నాను" అంది. పెద్దావిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. మీది చూపించండి అని అడిగింది. అది లేదని, దానిమీదే రాసేశారని ఆమె చెప్పింది. మళ్ళీ రాయగలరా అంటే, రాయగలనంది, తప్పులుంటాయని కూడా చెప్పింది.

"రాయండి. రాసి పంపితే చూస్తాను. కానీ ఈ ఉద్యోగం మాత్రం ఇక కుదరదు. వేరేవాళ్ళు కూడా రాసి పంపారు, వాళ్ళది వాళ్ళే రాసి పంపారు" అంది పెద్దావిడ. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఏడుస్తాననుకుంది కానీ ఏడుపు రాలేదు. గెలిచినట్టు కూడా లేదు. ఒంటి మీదినించి ఏదో బరువైనది దించుకున్నట్టూ, ఆ బరువుతోపాటు తనకెంతో కావలసిందేదో కూడా పోయినట్టూ ఉంది. ఇంట్లో ఇక ఏమంటారో వరసగా తెలుసు. ఇంత మూర్ఖత్వం ఎవరికైనా ఉంటుందా అంటారు. నోటి దాకా వచ్చిన ముద్ద అంటారు. ఆడపడుచు ఫోన్ చేస్తుంది. అన్నీ నిజమే కావచ్చు.

ఇంట్లో అందరూ ఆమె కోసమే కూర్చుని ఉన్నారు. కూతురు కూడా గది తలుపు తీసుకుని వచ్చి నిలబడింది. అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. ఆమె ఇంకా చెప్పులు విప్పలేదు, భర్త అప్పుడే నవ్వుతూ లేచి, "ఏమన్నారు? ఇచ్చారా?" అన్నాడు.

"ఇచ్చారండీ" అంది ఆమె. "మీకిచ్చారు. నేను వద్దని చెప్పి వచ్చాను."