తెల్ల బిళ్ల మీద ఐదు

మా అమ్మాయి స్రవంతి నడిపే రేసు కారుకు ఐదో నంబరు వచ్చింది. ఇంజనీరింగ్ పిల్లలు తామే తయారు చేసుకున్న కార్లతో, వర్ధన్నపేట రోడ్డులో ఒక కాలేజీ మైదానంలో పోటీ. పది చుట్లు పూర్తి చేసిన కార్లే పై పోటీకి వెళ్తాయి. మావాళ్లకు ఇది చివరి సంవత్సరం. ఈసారి తప్పితే కారు షెడ్డుకు, పిల్లలు తలా ఒక దిక్కుకు.

నేను పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ని కనుక నంబరు వేసే పని నాకు అప్పగించారు. నా భార్య వినోద పోయాక ఎవరైనా నాకొక పని చెబితే ఆ రోజు ఇంట్లో చుట్టాలు దిగినట్టుంటుంది.

"అంకుల్, జర స్టైల్‌గ ఎయ్యుండ్రి. మంటలు మండుతున్నట్టు," అన్నాడు టీమ్ కెప్టెన్ మజర్.

"మంటలు నీకు కనిపిస్తయి, చుట్లు లెక్కపెట్టేటోనికి నంబరు కనిపించదు."

పాతకాలంలో ఒక్కో దేశం కారుకు ఒక్కో రంగు ఉండేదని వాళ్లకు చెప్పాను. ఇంగ్లండుది ఆకుపచ్చ, ఇటలీది ఎరుపు, ఫ్రాన్సుది నీలం. ముదురు రంగు మీద అంకె ఆనదు. అందుకని గుండ్రటి తెల్ల బిళ్ల వేసి దాని మీద నల్లగా రాసేవారు. ఇటలీలో వెయ్యి మైళ్ల రోడ్డు పోటీ ఒకటుండేది. అందులో కారు బయలుదేరిన సమయమే దాని నంబరు. ఏడు ఇరవై రెండుకు కదిలితే ఏడు వందల ఇరవై రెండు. రోడ్డు పక్కన నిలబడ్డ రైతు కూడా గడియారం చూసి ఎవరు ముందున్నారో చెప్పేవాడట.

"అంటే నంబరు అందం కోసం కాదు, చూసేటోని కోసం," అంది స్రవంతి.

అందుకే నేను ఐదును లావుగా, సాదాగా వేశాను. దుమ్ములో ఆరులా కనిపించకుండా దాని నోరు బాగా తెరిచి పెట్టాను. ఆ నోట్లో చేతివేలు పట్టేంత తెల్లటి ఖాళీ.

పోటీ రోజు మా అత్తమ్మ కట్టమ్మ కూడా వచ్చింది. వినోద వాళ్ల అమ్మ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించింది. నేను ఆమె కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటూ వెళ్లాను. తిరిగొచ్చేసరికి కార్లు కదిలాయి.

చుట్లు లెక్కించే బల్ల దగ్గర నయీముద్దీన్ సారు మైకు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆరో నంబరు, ఐదో చుట్టు! షాబాష్!"

నా పక్కన ఇద్దరు పిల్లలు మిర్చిబజ్జీలు తింటూ చప్పట్లు కొట్టారు. వాళ్ల వెనక ఒక కారు బానెట్ తెరుచుకుని ఆగి ఉంది. దాని బిళ్ల మీద ఆరు.

"మీదేనా ఇది?"

"మాదే సార్," అన్నాడు సాయితేజ అనే పిల్లవాడు. "రెండో చుట్టుకే ఆగింది. అయినా మైకుల మస్తు ఉరుకుతాంది."

నేను గబుక్కున మైదానం వైపు తిరిగాను. మా కారు మలుపు తిరిగి మా ముందు నుంచి దూసుకుపోయింది. నేను తెరిచిపెట్టిన ఐదు నోరు మూసుకుంది. దాని ఖాళీలో ఎవరో పెట్టిన ఆముదం కాటుక చుక్క ఇంజను వేడికి కరిగి గీతకు అంటుకుంది. దూరానికి అచ్చం ఆరే.

"అత్తమ్మా, చుక్క పెట్టినవా?"

"పెట్టకుంటనా? అంత తెల్లటి బిళ్ల, ఎందరి కండ్లు పడాలె! నీ నంబరును ముట్టలే అల్లుడా. ఖాళీ ఉన్నకాడ్నే పెట్టిన."

మా ఐదుకు ఆ బల్ల దగ్గర లెక్కలోకి వచ్చిన చుట్టు ఒక్కటే, చుక్క కరగక ముందుది. నేను, సాయితేజ కలిసి పరుగెత్తాం.

"సార్, ఆ చుట్లు మాయి కావు," అన్నాడు సాయితేజ. "మా బండి కదులుతనే లేదు."

గెలిపించే చుట్లను తనవి కావని చెప్పే ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేశాను. నయీముద్దీన్ సారు కళ్లద్దాలు సర్దుకుని ఆగిన బండిని చూశాడు, నవ్వాడు.

"ఆగిన బండి చుట్లెట్ల కొడ్తది? రెండో చుట్టు తర్వాత ఆరుకు పడ్డయన్నీ ఐదుకే రాస్త. కానీ ఇగ నంబరు సాఫ్‌గ కనిపించాలె. లేకుంటే లెక్కపెట్ట."

జెండా ఊపి కారును ఆపించారు. గుడ్డ తీసుకుని మజర్ ముందుకు వెళ్లాడు. కట్టమ్మ అడ్డం నిలబడింది.

"తుడుస్తే బాగుండది. పిల్ల బండ్లె ఉన్నది."

కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. ఆమెను పక్కకు నెట్టడం నావల్ల కాదు. హెల్మెట్‌లోంచి స్రవంతి కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఒక్కో క్షణం పోతోంది.

"అత్తమ్మా, పసిపిల్లలకు బుగ్గ మీదనే పెడ్తరా?"

"అరికాలుకు గూడ పెడ్తం."

"మరి బండికి అరికాలేది?"

ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కొంగుతో బిళ్లను తానే శుభ్రంగా తుడిచింది. కాటుక అంటిన వేలును వంగి టైరుకు రాసింది. నలుపులో నలుపు కలిసిపోయింది.

"పో బిడ్డా, మెల్లగ పో!"

స్రవంతి మెల్లగా పోలేదు.

కట్టమ్మ వెళ్లి ఆరో నంబరు కారు పక్కన కుర్చీ వేసుకుంది. "దీనికెవ్వరు పెట్టలేదా చుక్క?"

"లేదమ్మమ్మా. కార్బురేటర్ ఖరాబైంది."

"అదే నేను గూడ చెప్పేది," అందామె.

సాయితేజ ఆమెకు ఒక బజ్జీ ఇచ్చాడు. ఇద్దరూ కలిసి ప్రతి మలుపు దగ్గరా మా కారు కోసం మెడలు చాచారు. "ఐదు, ఏడో చుట్టు." "ఐదు, ఎనిమిది." తొమ్మిదో చుట్టులో ఇంజను దగ్గినట్టు శబ్దం చేసింది. మజర్ కళ్లు మూసుకున్నాడు. కారు ఆగలేదు.

"ఐదు, పది!"

మజర్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. చెప్పులు ఒకటటు, ఒకటిటు. కారు మాత్రం ఆగకుండా మళ్లీ మలుపు వైపు వెళ్లింది.

కాసేపటికి స్రవంతి వచ్చి హెల్మెట్ తీసింది. ముఖమంతా దుమ్ము, పళ్లు మాత్రం తెల్లగా.

"ఎన్ని లెక్కపెట్టిండ్రు నాన్నా?"

"పదకొండు. పదికే ఆపొచ్చు గద?"

"ఆపబుద్ధి కాలే," అంది.