మల్లమ్మ చదివించుకున్న పేపరు

బెంగళూరు బొమ్మనహళ్ళిలో వెంకటరాయప్ప చెయ్యి పడని గ్యాస్ స్టవ్ లేదంటే నమ్మాలి. గార్మెంట్స్‌కు పోయే ఆడపిల్లల ఒంటి బర్నర్ స్టవ్‌లు మొదలుకొని హోటళ్ళ పెద్ద పొయ్యిల దాకా అన్నీ హోసూరు రోడ్డు వెనక సందులో ఉన్న అతని అంగడికే వచ్చేవి. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే బద్ధకం ఎముకల్లో ఉంది. లీకవుతున్న ట్యూబును కోసి పారేసి కొత్తది వెయ్యాలి, క్లిప్పు బిగించాలి, సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసి చేసేది మాత్రం వేరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బార్ సబ్బు ముక్క ఉండేది. దాన్ని తడిపి, మెత్తగా పిసికి, లీకయ్యే చోట చుట్టూ మెత్తేసి, "రేపొచ్చి కొత్త ట్యూబు ఏస్తా, అంతదాకా ఏం కాదు" అనేవాడు. ఆ రేపు వారానికో నెలకో వచ్చేది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అదీ ఒక పనితనమే అనుకున్నాడు మహానుభావుడు.

మల్లమ్మ ఇంటికీ అదే వైద్యం చేశాడు.

మల్లమ్మ, ఆమె మొగుడు కొండయ్య కదిరి పక్క పల్లె నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. కొండయ్య కట్టడాల్లో ఇసుక మోసేవాడు. మల్లమ్మ రాగి అంబలి కాచి, కుండల్లో పులియబెట్టి, పొద్దున్నే పనికి పోయే కూలీలకు మజ్జిగా ఉల్లిపాయ ముక్కలూ వేసి పోసేది. ఆరు కుండలు, ఒక్క గది. గది నిండా పులుపు వాసనే. వెంకటరాయప్ప కూడా అంగడి తీసే ముందు అక్కడ ఆగి రోజూ ఒక చెంబెడు తాగేవాడు. దుడ్లివ్వబోతే ఆమె తీసుకునేది కాదు, మన మాట మాట్లాడే మనిషి అని.

ట్యూబు మూతి దగ్గర వాసన వస్తోందని ఆమె సోమవారం చెప్పింది. అతను సబ్బు మెత్తాడు. మంగళ, బుధ, గురువారాల్లోనూ వచ్చి అంబలి తాగాడు కానీ ట్యూబు తేలేదు. వాడనప్పుడు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపెయ్యాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. శుక్రవారం తెల్లవారుజామున మల్లమ్మ బిందె పట్టుకుని కొళాయి దగ్గర వరుసలో నిలబడి ఉంది. కొండయ్య లేచి, అంబలికి ఎసరు పెడదామని అగ్గిపుల్ల గీశాడు. తలుపు ఊడి వచ్చి వీధిలో పడింది. మల్లమ్మ బిందె వదిలేసి మంటల్లోకి పోయి అతన్ని ఈడ్చుకొచ్చింది. చేతులు కాలాయి. కొండయ్య ప్రాణాలతో ఉన్నాడు గానీ, ఆ ముఖం చూసి ఇతను ఫలానా అని చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

జనంతో పాటు వెంకటరాయప్ప కూడా పరుగెత్తాడు. కొండయ్య కోసమని అనుకునేరు, కాదు. ట్యూబు కోసం. గదిలోకి తొంగి చూస్తే ట్యూబు లేదు, సబ్బు లేదు, పొయ్యి ఉన్న చోట నల్లటి మసి తప్ప ఏమీ మిగల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ అనుకోవడం అతనికే అసహ్యంగా తోచింది, అయినా అనుకున్నాడు.

అప్పటికి కర్ణాటకలో సారా నిషేధం వచ్చి రెండు నెలలు. పాకెట్ సారా అంగళ్ళు మూతపడ్డాయి. ఇళ్ళల్లో సారా కాస్తున్నారన్న వార్త దొరికితే పేపర్లకు పండగ. ఒక కన్నడ పేపరు విలేకరి నవీన్ బైకు మీద దిగాడు. పగలకుండా మిగిలిన మూడు కుండలు కనబడ్డాయి. ఒకదాని మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది. ఫోటోలు తీసుకుని వెంకటరాయప్ప దగ్గరకు వచ్చాడు.

"స్టవ్‌లు రిపేరి చేసేది నువ్వే అంట కదప్పా. ఇది గ్యాసా, సారానా?"

అంబలి సార్, అంటే చాలు. ఒక్క మాట. కానీ అంబలి అంటే మరి మంటెందుకు లేచిందని అడుగుతాడు. ఆ తర్వాత ట్యూబు అడుగుతాడు. ట్యూబు తర్వాత ఇంకెవరున్నారు?

"మీరే వాసన చూసినారు గదా సార్. మీకు తెలీనిదేముండాది" అన్నాడు వెంకటరాయప్ప.

"నీ పేరు?"

చెప్పాడు. తప్పు పడకూడదని రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు పేపర్లో కుండల ఫోటో పడింది. ఇంట్లోనే సారా బట్టీ, పేలి ఒకరికి తీవ్ర గాయాలు. ఈ దంపతులు కొన్నేళ్ళుగా గుట్టుగా సారా కాస్తున్నారని స్థానిక గ్యాస్ నిపుణుడు వెంకటరాయప్ప తెలిపారు. తను అంత మాట అనలేదు. సిగ్గుపడ్డాడు, నిజమే. కానీ మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ నిపుణుడు అన్న చోట కాసేపు ఆగాడు.

మధ్యాహ్నం మల్లమ్మ వచ్చింది. రెండు చేతులకూ కట్లు. చంకలో అదే పేపరు.

"అప్పా, ఆస్పత్రిలో మంచం కాడ పోలీసాయన కూచోనుండాడు. మనిషి లేస్తానే తీసకపోతామంటాడు. ఏం చేసినాడు సార్ అంటే, పేపర్లో పడింది చూస్కో అంటాడు. నాకు కన్నడ మాట్లాడేది వస్తాది గానీ అచ్చరం రాదు. దీంట్లో నీ పేరుండాదని ఆ ఒక్క మాటే చెప్పి నర్సమ్మ పని మీద పాయ. అందుకే నీ కాడికే వస్తి. చదివి చెప్పప్పా."

వెంకటరాయప్ప పేపరు విప్పాడు. ఆమె అతని నోటికేసే చూస్తోంది.

"గ్యాస్ లీకయి కొండయ్యకు కాలిందంట. వాళ్ళ తప్పేం లేదంట" అని చదివాడు, లేని అక్షరాల మీద వేలు నడుపుతూ.

"నీ పేరెందుకుండాది?"

"ఆ మాట చెప్పింది నేనే గదా."

మల్లమ్మ ఏడ్చింది. నిన్నటి నుంచి ఆస్పత్రిలో, వీధిలో, ఎక్కడా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. వంగి, కట్లు కట్టిన చేతులతోనే అతని కాళ్ళు ముట్టుకుంది. అతను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"ఈ పేపరు టేసన్లో చూపిస్తే ఇడుస్తారా అప్పా?"

వద్దని చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అంగట్లో ఎవరూ లేరు కూడా. కానీ వద్దంటే ఎందుకంటుంది. అంతకంటే, ఆమె పేపరు పట్టుకుని తన ముందు నుంచి వెళ్ళిపోతే చాలుననిపించింది.

"చూపించు" అన్నాడు.

సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి పిలుచుకుపోయాడు. స్టేషన్లో మల్లమ్మ గోడ వార కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి, పక్కనున్న ఆడ పోలీసుతో, "ఈయప్పే, మా కోసం చెప్పిండేది" అంది.

హెడ్ కానిస్టేబుల్ కాగితం ముందుకు తోస్తూ నవ్వాడు. "ఇంతకాలం సర్వీసులో ఇట్లాంటి కేసు చూళ్ళేదప్పా. పేపరు ఆమే తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఇందులో ఉండేది నిజమేనా అంటే ప్రతి అక్షరం నిజం సార్ అంటుంది. వేలిముద్ర వెయ్యమంటే, చేతికి కట్టుంటే, ఆమే విప్పుకొని వేసింది. నువ్వు సాక్షి సంతకం పెట్టి పో."

సారా కాసినట్టు ఒప్పుకుంటూ రాసిన ఆ కాగితం చివర నీలం వేలిముద్ర, పక్కన కొంచెం పచ్చిగా మరక. వెంకటరాయప్ప దాని కింద సంతకం పెట్టాడు.

"ఇంగ ఇడుస్తారు గదా అప్పా?" మల్లమ్మ అడిగింది.

"ఇడుస్తార్లే."

"నన్ను ఇంకొంచేపు ఉండమన్నారు. ఆయన ఒంటిగా ఉండాడు. నువ్వు ఆస్పత్రికి పోయి చెప్పప్పా, అంతా సరిపోయిందని."

సరేనన్నాడు. బయటికి వచ్చి, ఆస్పత్రికి పోయే బస్సు ఎదురుగా ఆగి ఉన్నా ఎక్కకుండా, అంగడి వైపు నడిచాడు.