ఇరవయ్యో తల

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల కూర్చున్న పెద్దమ్మా, ఆ గుసగుసలు కాస్త ఆపితే నీ కోడలు ఎక్కడికీ పారిపోదులే. తలుపు దగ్గరున్న బాబాయ్, దగ్గొస్తే ఇప్పుడే దగ్గేసెయ్. దగ్గు దాచుకుంటే ఏమవుతుందో ఈ కథలోనే ఉంది.

ఒక కాలేజీలో ఒక గుమాస్తా ఉండేవాడు. అందరూ ఆయన్ని టిక్కుగారు అనేవాళ్ళు. చెవి మీద ఎర్ర పెన్సిల్‌తోనే పుట్టాడంట మహానుభావుడు. ఆయన టిక్కు పెడితే మనిషి ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. ఓసారి జీతాల రోజున ప్రిన్సిపాల్ పేరు పక్కన టిక్కు మర్చిపోతే, ఆ పెద్దమనిషి తను బతికే ఉన్నానని ముగ్గురు సాక్షుల్ని పట్టుకొచ్చి నిలబెట్టాడంట! టిక్కుగారి గది మెట్ల కింద. ఎంత ఇరుకంటే, ఆయన ఒళ్ళు విరుచుకోవాలంటే ముందు బీరువా తలుపు మూయాలి. ఏటా ఇరవై మంది పిల్లలు ఆ కంతలోంచే విమానమెక్కి, పరాయి దేశం కాలేజీలో పదిహేను రోజులు చదువుకుని వచ్చేవాళ్ళు. టిక్కెట్లు, వీసా కాగితాలు, ఎవరు ఏ గదిలో పడుకోవాలి, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ ఆయనే చూసేవాడు. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగాక బస్సుని మించినది ఎక్కలేదు.

మరి అంత ఖర్చు కాలేజీ ఎక్కణ్ణుంచి తెస్తుందంటారా? గోనెసంచుల షావుకారు ఇచ్చేవాడు. వయసు మీద పడి ఆయనకి చూపు పోయింది, లెక్క మాత్రం పోలేదు. సంచుల వ్యాపారంలో ఇరవై సంచులు ఒక కట్ట. ఒక్కో సంచినీ అరచేత్తో తట్టి, ఇరవై అయితే తాడు బిగించేవాడు. పిల్లలకీ అదే లెక్క.

"నేను కట్ట విప్పి అమ్మను, కట్ట విప్పి ఇవ్వను," అనేవాడు. "ఇరవై మంది వెళ్ళాలి, ఇరవై మంది రావాలి. పంపేటప్పుడు లెక్క మీది, దిగేటప్పుడు లెక్క నాది. ఒక్క తల తగ్గిందా, ఇచ్చిందంతా వెనక్కి కక్కాలి. ఆ తర్వాత మీ కాలేజీ గేటు ముందు నా కారు హారన్ కూడా కొట్టదు."

అన్నట్టుగానే పిల్లలు తిరిగొచ్చిన రోజున పెద్ద హాల్లో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి తల వంచాలి. ఆయన తట్టాలి. ఇరవయ్యో తల తట్టాక, మరుసటేటి కాగితం మీద సంతకం పెట్టేవాడు.

ఆ ఏడు వెళ్ళేవాళ్ళ పట్టీలో మొదటి పేరు టిక్కుగారి మేనకోడలిది. అక్కయ్య పోయాక ఆ పిల్లని ఆయనే పెంచాడు. "మామయ్యా, నన్నెప్పుడు పంపిస్తావ్?" అని ఆరేళ్ళప్పటి నుంచీ ఆయన ప్రాణం తీసేది. చిట్టచివరి పేరు ఆ పిల్ల ప్రాణస్నేహితురాలిది. బక్కపల్చటి పిల్ల, గాలొస్తే పుస్తకాలు పట్టుకుని బరువు తెచ్చుకునే రకం. ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు, కాలేజీలోనూ అదే నిలిచిపోయింది. ఆ పిల్ల తల్లి అదే కాలేజీ ల్యాబులో గాజు గొట్టాలు కడిగేది. ఏళ్ళ తరబడి మందునీళ్ళలో నానీ నానీ ఆవిడ వేళ్ళకి గీతలు చెరిగిపోయాయి.

అంతకు ముందేడు ఒక కుర్రాడికి గవదబిళ్ళలు వచ్చి, టిక్కుగారికి చుక్కలు కనబడ్డాయి. కొత్త మనిషికి వీసా రావాలంటే నెల పడుతుంది మరి. అందుకని ఈసారి ఇరవై మందినీ మెట్ల కింద నిలబెట్టి చెప్పాడు.

"విమానమెక్కేదాకా ఎవరైనా తుమ్మినట్టు నా చెవిన పడిందో, పేరు మీద ఎర్ర గీత! తెలిసిందా?"

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. పిచ్చుక మాత్రం నవ్వలేదు.

ప్రయాణం పది రోజులుందనగా పిచ్చుక సంతకం పెట్టడానికొచ్చింది.

"ఏమ్మా, కళ్ళు అలా ఎర్రబడ్డాయేం?"

"చదువుకుంటున్నాను సార్, నిద్ర లేదు."

"పెన్ను వణుకుతోందే?"

"మీ బల్లే వణుకుతోంది సార్."

బల్లకి ఒక కాలు పొట్టి, నిజమే. టిక్కుగారు నవ్వి టిక్కు పెట్టాడు. మర్నాడు కూడా వచ్చింది, మర్నాడు కూడా పెట్టాడు. మూడో రోజు రాలేదు. ల్యాబులో కడగని గొట్టాలు గుట్టగా పేరుకుపోయాయి. నాలుగో రోజు పొద్దున్న మేనకోడలొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, పిచ్చుక పోయింది."

"ఎక్కడికి?" అన్నాడు ఆ పిచ్చి మనిషి.

ఎక్కడికో అర్థమయ్యాక పెన్సిల్ కోసం చెవి తడుముకున్నాడు. చెవి మీదే ఉంది. ఎంతసేపు తడిమినా చేతికి దొరకలేదు.

ప్రిన్సిపాల్ తలుపు గడియ పెట్టి అడిగాడు. "ఎవరెవరికి తెలుసు?"

"పిల్లలకి, మనకి, పిచ్చుక వాళ్ళమ్మకి."

"అంటే తెలియాల్సిన వాళ్ళెవరికీ తెలియదన్నమాట! చూడండి టిక్కుగారూ, షావుకారుకి తెలిస్తే పందొమ్మిది మందీ ఆగిపోతారు. అందులో మీ మేనకోడలు ఉంది. ఆ తర్వాత ఏ పిల్లా వెళ్ళదు. పోయిన పిల్ల ఎలాగూ రాదు. మీరే వెళ్ళి ఆవిడకి నచ్చజెప్పండి. పిల్లలు తిరిగొచ్చేదాకా నోరు మెదపకపోతే చాలు."

పులి నోట్లో తల పెట్టమన్నా అంత భయపడేవాడు కాదు. కాళ్ళీడ్చుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఒక్కటే గది, ఒక్కటే కిటికీ. మంచం మీద కొత్త పెట్టె, సర్దేసి, తాళం కూడా వేసేసి ఉంది. ల్యాబు ఆవిడ ఆ పెట్టె పక్కనే, దానికి కొంచెం చోటు వదిలి, ఒదిగి కూర్చుంది.

"కూర్చోండి బాబూ. పెట్టె బరువు ఎక్కువైందంటారా? స్వెట్టరు తీసెయ్యమన్నా వినలేదు."

ఆయన కూర్చోలేదు. "డాక్టరుకి చూపించలేదా అమ్మా?" అన్నాడు.

"చూపిద్దామనే అన్నాను. డాక్టరుకి తెలిస్తే టిక్కు సారుకి తెలుస్తుంది, పేరు కొట్టేస్తారు, విమానమెక్కాక అదే తగ్గుతుందిలే అమ్మా అంది. దగ్గొస్తే దిండు కొరుక్కునేది."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. అక్కడే కూలబడి ఏడుస్తాడనుకున్నారా? లేదు. ఏడవలేదు. వచ్చిన పని చెప్పాడు! మేనకోడలి మొహం కళ్ళముందు పెట్టుకుని, నేల చూస్తూ, షావుకారు లెక్కా, పందొమ్మిది మంది సంగతీ, తిరిగొచ్చేదాకా మౌనమూ, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆవిడ పెట్టె తాళం తిప్పుతూ కూర్చుంది.

"అయితే పట్టీలో దాని పేరు కొట్టెయ్యరన్నమాట?"

"కొట్టెయ్యను."

"వెళ్ళినట్టేనా?"

"వెళ్ళినట్టే."

"సరే. కానీ ఒకటి. అక్కడ రోజూ లెక్క చూసుకుంటారు కదా? దాన్ని కూడా పిలవాలి. నంబరుతో కాదు, అది నంబరుకి పలకదు. పిచ్చుకా అని పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు పలకాలి. పలక్కపోతే పిల్ల లేదని తెలిసిపోతుంది. నాక్కూడా తెలిసిపోతుంది."

ఆయన మాట ఇచ్చాడు. విమానమైతే పందొమ్మిది మందితో లేచింది. మేనకోడలు పిచ్చుక పెట్టె కూడా మోసుకెళ్ళింది. ఎప్పుడు చూడు రెండు పెట్టెలేంటని తోటి ప్రయాణికులు దెప్పారంట.

పిల్లల వెంట వెళ్ళిన మాస్టారు అక్కడ పొద్దునా సాయంత్రం పేర్లు పిలిచేవాడు. పిచ్చుకా అన్నప్పుడల్లా మేనకోడలు సన్నగొంతు పెట్టి "ఉన్నానండీ" అనేది. పరాయి దేశం వాళ్ళు మహా పద్ధతైన మనుషులు. ఉన్నానంది కాబట్టి ఉందనుకున్నారు. ఆ పిల్లకో మంచం వేశారు, కంచం పెట్టారు, పరీక్ష కాగితం ఇచ్చారు. తెల్ల కాగితం తిరిగొస్తే, పిల్ల బిడియస్తురాలు పాపం అని నూటికి నలభై వేశారు. మరి మన కాలేజీలో? బతికి ఏడ్చి రాసినా ముప్పయి దాటవు!

తొమ్మిదో రోజున మేనకోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, నా వల్ల కావట్లేదు. పిలిచినప్పుడల్లా దాని గొంతే వస్తోంది నాకు. నిన్నట్నుంచి నా పేరు పిలిస్తే పలకడం మర్చిపోతున్నాను."

"ఇంకో ఆరు రోజులే తల్లీ."

"దగ్గు కూడా వస్తోంది మామయ్యా."

 ఆయన, "డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు. ఎవరికైనా చెప్పు, ఊరంతా చెప్పు," అని అరిచాడు. మెట్ల మీద పోయేవాళ్ళంతా ఆగి చూశారు. తీరా చూస్తే అది మామూలు జలుబే. ఈ పిల్లకి మందు దొరికింది.

తిరిగొచ్చే రోజుకి టిక్కుగారు ఎత్తు వేసి పెట్టాడు. షావుకారుకి చూపు లేదు. మొదట తల తట్టించుకున్న మేనకోడలు, చప్పుడు కాకుండా వరస వెనక్కి వెళ్ళి, ఇరవయ్యో తలగా మళ్ళీ వంగాలి. అంతే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే షావుకారుని బోల్తా కొట్టించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

పెద్ద హాలు నిండిపోయింది. మైకు సెట్టువాడు "హలో, హలో" అని పదిసార్లు అరిచి, పక్కకెళ్ళి టీ తాగుతున్నాడు. షావుకారు కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి చాపాడు. టిక్కుగారు పట్టీ పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు... తడుతున్నాడు షావుకారు, పెన్సిల్ కదులుతోంది. మామయ్య చెప్పినట్టే మేనకోడలు వెనక్కి వెళ్ళి నిలబడింది. పందొమ్మిది అయ్యాయి.

"పిచ్చుకా," అన్నాడు టిక్కుగారు.

ఎవరూ పలకలేదు.

"పిచ్చుకా!"

మేనకోడలు మామయ్యని చూసింది. వరసలోంచి ముందుకి రాలేదు. పిల్లలంతా నేల చూశారు. ప్రిన్సిపాల్ మొహం సున్నం కొట్టిన గోడైంది.

"ఏంటయ్యా, కట్ట తగ్గిందా?" అన్నాడు షావుకారు, చాపిన చెయ్యి గాల్లో ఆడిస్తూ.

"ఉన్నానండీ."

ల్యాబు వైపు తలుపులోంచి వచ్చిందా గొంతు. రబ్బరు ఏప్రన్‌తోనే ల్యాబు ఆవిడ నడుచుకుంటూ వచ్చింది. మోచేతుల దాకా తడి. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా వెళ్ళి, షావుకారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నెరిసిన తల వంచింది.

షావుకారు తట్టాడు. చెయ్యి అక్కడే ఆగింది. ఆ తల మీంచి చెంప మీదికి జారింది. వేళ్ళు దగ్గరికి తెచ్చుకుని బొటనవేలితో రాసి చూసుకున్నాడు. ఏభై ఏళ్ళు సంచులు తడిమిన చెయ్యది. దానికి తెలియనిది ఉంటుందా?

"ఇది తడిసిందయ్యా," అన్నాడు.

వేళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ ఆ తల మీద చెయ్యి వేశాడు.

"తడిసినా కట్టలోదే కదా," అన్నాడు మళ్ళీ, మెల్లగా. "ఇరవై." మరుసటేటి కాగితం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. ఆయనకి తెలిసిందా, తెలిసే ఊరుకున్నాడా? ఆ చేతినే అడగాలి.

టిక్కుగారు పెన్సిల్ ఎత్తాడు. పిచ్చుక పేరు పక్కన ఎప్పుడూ ఎంత తేలిగ్గా పెట్టేవాడో ఆ టిక్కు! ఈసారి మొన కాగితానికి ఆనింది గానీ పైకి గీయలేకపోయాడు. ల్యాబు ఆవిడ లేచి, ఆయన చేతి మీద తడిచెయ్యి వేసి, చిన్నపిల్లాడి చేత అక్షరం దిద్దించినట్టు ఆ గీత గీయించింది. తర్వాత పెట్టె ఏదని మేనకోడల్ని అడిగి తీసుకుని, వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయింది. కాసేపటికి ఆ హాల్లోకి, పక్క గదిలో గాజు గొట్టాలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

అప్పుడు మైకు సెట్టువాడు టీ గ్లాసు పక్కన పెట్టి, వైరు చుట్టుకుంటూ, అక్కడున్న వాళ్ళతో అన్నాడు కదా:

"చూశారా, అందుకే విమానం ఎక్కకూడదనేది! ఆడపిల్ల పాపం, పదిహేను రోజులకే జుట్టంతా నెరిసిపోయి ఎట్లా తిరిగొచ్చిందో. మా బావమరిదిని రైల్లోనే పంపిస్తా!"