అమీనా అప్పలకొండ పన్నెండో భాగం

పన్నెండు పుస్తకాలూ కలిపి తొంభై తొమ్మిది రూపాయలు! పై గదిలో కొత్తగా దిగిన కీర్తి నోట ఈ మాట విన్నప్పుడు నేను పైకి నవ్వుతూనే ఉన్నాను కానీ, లోపల కడుపు భగ్గున మండింది. నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ పిల్ల చేతిలో ఫోను లాక్కుని వీధిలోకి విసిరేద్దామా అనిపించింది.

ఎందుకంటే చవగ్గా డిటెక్టివ్ ఈ-పుస్తకాలు పట్టడం నా విద్య. నాకు పాడడం రాదు, ముగ్గులు రావు, వంట సంగతి మా ఆయన మణికంఠని అడిగితే చెబుతాడు. నాకున్నది ఇదొక్కటే. యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి రెండేళ్ళయింది. ఆఫీసులో అందరూ తమిళంలో మాట్లాడుకుంటూ ఉంటే నేను మూగదానిలా ఫైళ్ళ వెనక కూర్చుంటాను. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వుతాను. సాయంత్రం బస్సు దిగి ముత్తియాల్‌పేటలో మా వీధి మలుపు తిరిగాకే నాకు నోరొచ్చేది. అక్కడ తిన్నె మీద సెంగమలం పెద్దమ్మ నా కోసం కాచుకుని ఉండేది.

పెద్దమ్మ మా ఇల్లుగలావిడ. ముప్ఫై ఏళ్ళు మిల్లులో పనిచేసి రిటైరైంది. వాళ్ళ తాతల కాలం నుంచీ ఈ ఊరే. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఒక్క తెలుగక్షరం చదవలేదు, బళ్ళో నేర్చుకున్నది తమిళం. మేము వచ్చిన కొత్తలో ఒకరోజు నేను తిన్నె మీద కూర్చుని ఫోనులో చదువుకుంటూ పకపకా నవ్వాను.

"ఏంది పాపా, ఒక్కదానివే నవ్వుకుంటా ఉండావు?" అంది.

నవ్వించిన ఆ పేజీ పైకి చదివి వినిపించాను. మర్నాడు ఆరింటికల్లా పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కనకాంబరాలు కడుతూ సిద్ధంగా కూర్చుంది.

"నిన్న చదివినావే, అది ఇంకా ఉండాదా? మా అమ్మ మాట్లాడినట్టే ఉండాది" అంది.

అలా మొదలైంది. ఆవిడ పూలు కట్టడం, నేను చదవడం, రోజూ ఒక అరగంట.

ఆ పుస్తకాలు 'అమీనా అప్పలకొండ' వరస. అప్పలకొండ కోర్టు అమీనా. బాకీ తీర్చని వాళ్ళ సామాను జప్తు చేయడానికి ఏ ఇంటికి వెళ్ళినా బీరువా వెనకో, ధాన్యం గాదెలోనో ఒక శవం దొరుకుతుంది. హంతకుణ్ణి పట్టుకునేదాకా అతను జప్తు పూర్తిచేయడు. ప్రతి భాగంలో ఒక కేసు తేలిపోతుంది కానీ, మొదటి భాగంలోనే కోర్టు రికార్డు గదిలో చచ్చిపడున్న ముసలి గుమస్తా శరభయ్యని ఎవరు చంపారన్నది మాత్రం తేలదు. అది పన్నెండో భాగం చివర్లోనే అని రాసినాయన ముందుమాటలోనే చెప్పేశాడు. పెద్దమ్మకి ఆ శరభయ్య సొంత చిన్నాన్న అయిపోయాడు.

అమ్మేవాళ్ళ తెలివి చూడండి. మొదటి భాగం ఉచితం. రెండోది తొమ్మిది రూపాయలు, మూడోది పందొమ్మిది. మనకి రుచి తగిలాక నాలుగో భాగం నుంచి నూట నలభై తొమ్మిది. చాలామంది ఇక్కడే జేబు విప్పేస్తారు. నేను విప్పను. కావలసిన పుస్తకాన్ని జాబితాలో పెట్టుకుని రోజూ పొద్దున బస్సులో ఒకసారి, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పే ముందు ఒకసారి ధర చూస్తాను. ఎప్పుడో ఒకరోజు హఠాత్తుగా పడుతుంది, సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది. ఆ మధ్యలో పట్టాలి. అలా తొమ్మిదో భాగం దాకా ఒక్కటి కూడా నలభై తొమ్మిది దాటి కొనలేదు. కొన్న రోజున పెద్దమ్మకి ముందు ధర చెప్పి, తర్వాతే కథ మొదలుపెట్టేదాన్ని. "గట్టిదానివే!" అని బుగ్గ గిల్లేది. హత్యలకంటే ఆ గిల్లుడే నాకు ఎక్కువ రుచిగా ఉండేది.

పదో భాగం దగ్గర చిక్కొచ్చి పడింది. మూడు వారాలైనా ధర దిగదు.

"తగ్గిందా పాపా?" అని పెద్దమ్మ రోజూ అడిగేది.

"ఇవాళో రేపో తగ్గుతుంది పెద్దమ్మా."

"పోతే పోనీలే, నేనిస్తా దుడ్డు. కొనెయ్యి."

"పూర్తి ధరకా? నేనా?" అని నవ్వేశాను. నా పట్టుదల నాది. ఆవిడ కథ లేకుండానే పూలు కట్టుకుంటోందని నాకు తట్టనే లేదు.

సరిగ్గా అప్పుడే కీర్తి వచ్చింది. కదిర్కామం మెడికల్ కాలేజీలో చదువుతోంది, హాస్టలు తిండి పడక మా పై గది అద్దెకు తీసుకుంది. కాకినాడ పిల్ల. సామాను దింపుకున్న సాయంత్రమే తిన్నె మీద మా పక్కన చేరి, మాటల్లో అప్పలకొండ పేరు వినపడగానే ఎగిరి గంతేసింది.

"నా దగ్గర మొత్తం ఉన్నాయక్కా! మొన్న ఒక్కరోజు సెట్టంతా కలిపి తొంభై తొమ్మిదికి పెట్టారు. మీరు చూడలేదా?"

చూడలేదు. విడి పుస్తకాల మీద కాకిలా కాపలా కాస్తున్నదానికి, సెట్టు అని వేరే ఒకటి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. రెండేళ్ళ నా విద్యని నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల తొంభై తొమ్మిది రూపాయలకి కొనేసింది.

"అయ్యయ్యో, పదో భాగం ఉండాదా నీ దగ్గర?" అని పెద్దమ్మ పూలబుట్ట పక్కన పెట్టేసింది. నేను చదివేటప్పుడు ఏనాడూ బుట్ట పక్కన పెట్టలేదు. "హేమా, నువ్వూ కూచో. ఈ పిల్ల చదువుతాదంట."

"తలనొప్పిగా ఉంది పెద్దమ్మా" అని లోపలికి వచ్చేశాను. ఆ తలనొప్పి నెల రోజులు తగ్గలేదు.

మా వంటింటి కిటికీ తిన్నె పక్కనే. వద్దన్నా వినపడుతుంది. కీర్తి చదవడం కాదు, నాటకం ఆడేది. అప్పలకొండకి ఒక గొంతు, జడ్జిగారికి ఒక గొంతు, కోర్టు వరండాలో టీ అమ్మే సూరమ్మకి ముక్కుతో ఒక గొంతు. సూరమ్మ అంటే పెద్దమ్మకి ప్రాణం. చిల్లర లేని కక్షిదారులకి ఉత్తినే టీ పోసే మనిషి. ఆ గొంతు వినపడినప్పుడల్లా పెద్దమ్మ కిలకిలా నవ్వేది. నేను చదివిన తొమ్మిది భాగాల్లో సూరమ్మకి గొంతు పెట్టాలని నాకెందుకు తోచలేదు? కూర మాడ్చాను. రెండుసార్లు.

"నగలు చూసి కుళ్ళుకునే ఆడవాళ్ళని చూశాను గానీ, అరవై ఏళ్ళావిడ కోసం కుళ్ళుకునేదాన్ని నిన్నే చూశాను" అన్నాడు మణికంఠ, మాడిన వంకాయ ముక్క పక్కకి తీస్తూ.

"నాకేం కుళ్ళు? నా పని నాకుంది."

"పోనీ వెళ్ళి కూర్చోవచ్చుగా. నీకు తెలియని మనుషులా?"

"పిలవని పేరంటానికి నేను వెళ్ళను."

"పిలిచారుగా, నాలుగుసార్లు."

ఆయనకి లెక్కలు బాగా వచ్చు. నిజం ఏమిటంటే, ఈ ఊళ్ళో నా కోసం ఎదురుచూసే మనిషి ఆవిడ ఒక్కతే. మణికంఠ ఉన్నాడు, కానీ మొగుడు ఎదురుచూడడం వేరు, అన్నం కోసం చూస్తాడు. ఆవిడ నా గొంతు కోసం చూసేది. అది పోయాక బస్సు దిగి ఇంటికి వచ్చే దారి కూడా నాకు ఆఫీసులాగే ఉండేది. కావాలని ఒక బస్సు వదిలేసి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాను.

పది అయిపోయింది. పదకొండూ అయిపోయింది. పన్నెండు మొదలైన సంగతి కిటికీ చెప్పింది. గురువారం సాయంత్రం నేను గేటు తీసుకుని లోపలికి వస్తుంటే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. "హేమకి చెప్పబాకు" అని పెద్దమ్మ అనడం, కీర్తి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం స్పష్టంగా విన్నాను. నన్ను చూడగానే ఇద్దరూ ఫోను మూసేశారు.

"ఏం పెద్దమ్మా, చదువు ఆపేశారే?"

"ఏమీ లేదు పాపా, ఊరికే."

ఒళ్ళు మండిపోయింది. నేను మొదలుపెట్టిన కథలో నాకు తెలియకూడనిది ఏముంది? శరభయ్యని ఎవరు చంపారో వీళ్ళిద్దరికీ తెలిసిపోయింది, ధరల కోసం కాచుకు కూర్చున్న పిసినారికి చెప్పకూడదన్నమాట! ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

శుక్రవారం ఆఫీసులో డబ్బా విప్పకముందే పన్నెండో భాగం కొన్నాను. చివరి భాగమని ధర ఇంకా పెంచారు: నూట తొంభై తొమ్మిది రూపాయలు, పూర్తి ధర, పైసా తగ్గింపు లేదు. పది లేదు, పదకొండు లేదు, సరాసరి చివరి అధ్యాయం తెరిచాను. డిటెక్టివ్ నవలని అలా చదివేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అసహ్యం. గోడకి తిరిగి, ఎవరూ చూడకుండా చదివాను. సూరమ్మ. వరండాలో టీ అమ్మే సూరమ్మ. తన ఇంటి దస్తావేజు మాయం చేశాడని శరభయ్య టీలో ఆవిడే విషం కలిపింది. చదివి, ఫోను బోర్లించి డబ్బా విప్పాను. బాధగా ఉందా అంటే, ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా, ఆ పేరు నా చేతిలో ఉందన్న సంతోషం ఉంది.

శనివారం సెలవు. సాయంత్రం ఆరయింది. తిన్నె మీద ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పూలబుట్ట పక్కన ఒక చెంబుతో కాఫీ, మూడు గ్లాసులు ఉన్నాయి. మూడు ఎందుకో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

"హేమా, సీక్కిరం రా పాపా. నీతో ఒక మాట చెప్పల్ల" అంది పెద్దమ్మ. ముఖమంతా నవ్వు.

ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. ఇప్పుడు తీరిగ్గా చెప్పి నా ముఖం చూద్దామనుకుంటున్నారు కాబోలు అనుకున్నాను.

"నాకు తెలుసులే పెద్దమ్మా. సూరమ్మే కదా చంపింది!"

మెట్టు దిగుతూనే అన్నాను, వీధి సగం వినేలా. అని, ఇద్దరి ముఖాలూ చూశాను. మాడిపోతాయనుకున్నాను. అలా జరగలేదు. పెద్దమ్మ చేతిలో దారం ఆగిపోయింది.

"అయ్యో... అక్కా!" అంది కీర్తి. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సూరమ్మా? మేం ఇంకా చదవలేదక్కా."

"చదవలేదా? మొన్న గురువారమే అయిపోయిందిగా!"

కీర్తి పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ దారం ముడి వేసి, తెంపి, మాల బుట్టలో పెట్టాకే మాట్లాడింది.

"ఒక అధ్యాయం మిగిలి ఉండాది. ఈ పిల్ల చదువుతా అనింది. నేనే వద్దన్నా. మొదలు పెట్టినది హేమ, ముగించేది కూడా హేమే అని చెప్పినా. శనివారం నీకు లీవు కదా, అంతదాకా ఇద్దరమూ నోరు కట్టుకోని ఉండాము. పావం, ఈ పిల్ల రోజూ అడుగుతా ఉండె, ఒక్క పేజీ చూస్తా మామ్మా అని. ఫోను నేనే దాచి పెట్టినా."

ఏదో అనాలి. 'నాకు తెలియదు పెద్దమ్మా' అనాలా, 'మీరు నాకు చెప్పొద్దన్నారుగా' అనాలా? ఏది అన్నా తప్పు నాదే. నూట తొంభై తొమ్మిది పెట్టి నేను కొన్నది ఇది.

"పోనీలే" అంది పెద్దమ్మ. పక్కకి జరిగి చోటిచ్చింది. "కూచో. చదువు."

"ఇంక చదివేదేముంది పెద్దమ్మా..."

"ఎవురు చంపినారో తెలిస్తే అయిపోయిందా? ఎందుకు చంపినారో తెలియద్దా? చదువు."

కూర్చున్నాను. కీర్తి మూడో గ్లాసులో కాఫీ పోసి నా పక్కన పెట్టింది. ఆ పిల్ల మీద కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. చదవడం మొదలుపెట్టాను. పేజీలు తిప్పుతుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అప్పలకొండ రికార్డు గది తలుపు మూశాడు. అందరినీ వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి మీద అనుమానం చెప్పి, కాదని తోసేశాడు. రాసినాయన పాపం మూడు పేజీలు బిగించి బిగించి తెచ్చాడు. నేను కూడా ఎవరికీ ఏమీ తెలియనట్టే, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చదివాను. అంతకంటే నా చేతిలో ఏముంది? చివరికి ఆ వాక్యం వచ్చింది. చదివాను.

"అయ్యయ్యో! సూరమ్మా?" అని పెద్దమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఆ సూరమ్మేనా? నేను కలలో కూడా అనుకోలేదే!"

తొమ్మిది భాగాల్లో ఏ హంతకుడి పేరు విన్నప్పుడూ ఆవిడ అంత గట్టిగా ఆశ్చర్యపోలేదు. కీర్తి తల దించుకుంది. నేను తలెత్తలేదు. వరస కింద వేలు పెట్టుకుని తర్వాతి వాక్యం చదివాను.