మలుపు దగ్గర చెప్పాల్సిన మాట

కొండదారిలో వెళ్లేవాళ్లంతా వాగు మలుపులో ఉన్న ముసలి ఓక్ చెట్టు దగ్గర ఆగి, "వెళ్లొస్తా" అని చెప్పి కదులుతారు. చెప్పినవాళ్లు తిరిగొస్తారు. చెట్టు రప్పిస్తుంది, అంతే. ఒకసారి ఓ లారీ క్లీనరు తొందరలో "వెళ్తా" అనేసి పోయాడు. ఇప్పటికీ అజాపజా లేదు.

పాలవ్యాను డ్రైవరు రోజూ చెప్పేవాడు. ఆ ఉదయం మాత్రం వ్యానులో పాలక్యాన్లు లేవు. వాటి చోట పరుపు, పరుపు మీద అతని భార్య టైలరమ్మ. పక్షవాతంతో కుడివైపంతా పడిపోయింది. నోట్లో ఒక్క మాటే మిగిలింది. "పద."

అదీ న్యాయమే. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడది హడావిడి, అతనిది నిదానం. చెప్పులు వెతుక్కునే మొగుణ్ణి గుమ్మంలోంచి తరుముతూ ఆవిడ అన్నన్ని 'పద'లు ఇంకెవరూ అని ఉండరు. ఇప్పుడు దాహమేసినా అదే మాట, కోపమొచ్చినా అదే. నిన్నటి నుంచి ఊపిరి కూడా బరువైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనీ, ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు ఒకేసారి చెప్పాడు.

వ్యాను ఆపి, వెనక తలుపు తీసి, ఆవిడ తల చెట్టు వైపు తిప్పాడు. వాగు అవతల గడ్డివాలు ఎండకి మెరిసిపోతోంది. ఇవాళ కూడా ఇంత అందం అవసరమా అని అతనికి ఒళ్లు మండింది.

"చెప్పవే. వెళ్లొస్తా అను."

చెట్టునే చూస్తూ ఆవిడ అంది, "పద."

"పద కాదే తల్లీ! వె... ళ్లొ..."

"పద!"

"పోనీ, దాని బదులు నేను చెప్తున్నా," అన్నాడు చెట్టుతో. "వెళ్లొస్తుంది. విన్నావా?"

ఒకరి మాట ఇంకొకరు చెప్తే చెల్లదని అతనికీ తెలుసు. ఏడుస్తూ వెళ్లి సీట్లో కూర్చున్నాడు. బండి కదుపుతుంటే అలవాటు కొద్దీ నోరు "వెళ్లొస్తా" అనేసింది. నాలిక కరుచుకున్నాడు. ఇక తను తప్పకుండా తిరిగొస్తాడు, ఒక్కడే.

ఆసుపత్రిలో ఆవిడకి కిటికీ పక్క మంచం ఇచ్చారు. మర్నాడు పొద్దున్న అతను కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా మలుపు దగ్గరి ఆ ఓక్ చెట్టే.

"ఆకులు లోపల పడుతున్నాయి, కాస్త కిటికీ వేసుకోండయ్యా," అని నర్సు విసుక్కుంది.

అతను మందులు కొనుక్కొచ్చేసరికి మంచం ఖాళీ. కిటికీ ఖాళీ. దుప్పటి మీద టోపీ పెట్టుకున్న ఓక్ కాయలు నాలుగైదు.

"కిటికీకేసి చూసి 'పద' అందండీ," అంది నర్సు. "ఇటు తిరిగి అటు చూసేసరికి లేదు. చెప్పి వెళ్లాలన్న ఇంగితం ఉండక్కర్లా?"

వ్యాను ఎలా నడిపాడో అతనికే తెలీదు. మలుపులో చెట్టు తన చోటే ఉంది. మొదలు చుట్టూ మట్టి కొత్తగా తవ్వినట్టుంది. మానుకి ఆనుకుని, ఆసుపత్రి గౌనులో, టైలరమ్మ కూర్చుని ఉంది. చెయ్యి లేవదు. కాలు కదలదు. ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడుతోంది.

దిగబోయి, కంగారులో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆవిడ మొహం చిట్లించి "పద," అంది. ఈసారి అతన్నే.